స్త్రీల కూడికలో మేము చెప్పిన మాట



ఈ వారము వ్రాసే సంగతి ఆరాధనలో నిలువబడి చెప్పడానికి మాకు చాలా ఏండ్లు నోరు రాలేదు. చదువుతూ ఉండగా ఇబ్బందిగా అనిపిస్తే కాసేపు ఆగండి. కానీ చివరి వరకు చదవండి.

కొన్నేండ్ల క్రితము ఒక శుక్రవారము ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లాక ఒక సహోదరి చాప మీదే కూర్చుండిపోయింది. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. గుర్తుపట్టే వివరాలు మార్చాము, కనుక ఎవరై ఉంటారని లెక్కలు వేయకండి. పాస్టరమ్మగారు వెళ్లి ప్రక్కన కూర్చుంటే, బైబిలు సంచిలోనుంచి మడతపెట్టిన కాగితము ఒకటి తీసి ఇచ్చింది. హెచ్‌ఐవి పరీక్ష రిపోర్టు. నెలల తరబడి జ్వరము, విరేచనాలు తగ్గకపోతే చివరికి ఎవరో ఆ పరీక్ష చేయించారట.

"ఇద్దరు పిల్లలప్పుడూ చూశారయ్యగారూ. ఏమీ లేదన్నారు. చిన్నోడు పుట్టాక ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తరువాత నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వెళ్లలేదు" అన్నది. కాసేపటికి తల ఎత్తకుండానే ఇంకొక మాట అన్నది: "భర్తకు నమ్మకంగా ఉన్న స్త్రీకి ఈ జబ్బు భయం లేదని మీరే కదా చెప్పారు, స్త్రీల కూడికలో."

చెప్పాము. నిజమే. ఒక డిసెంబరు 1న, ఎయిడ్స్ దినము అని ఎవరో గుర్తుచేస్తే, హెబ్రీ పత్రిక పదమూడవ అధ్యాయములోని వివాహము గురించిన మాటలు తీసుకొని ధైర్యముగా బోధించాము. పవిత్రముగా ఉండండి, మీకు ఏ భయమూ లేదు అన్నాము. స్త్రీలంతా ఆమేన్ అన్నారు. వారిలో ఈమె కూడా ఉన్నది. ఆమె తన వంతు పవిత్రత కాపాడుకొన్నది. లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉండే మనిషి పవిత్రతకు ఆమె ఎలా హామీ ఉండగలదు? మేము ఆమె చేతిలో లేని దానికి ఆమెను పూచీ పెట్టి, పైగా ధైర్యము చెప్పి ఇంటికి పంపాము. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఆమెకు ఆ పరీక్ష ఆలోచన రాకపోవడానికి మా బోధ ఒక కారణము. ఈ మాట ఆమె ఎదుట ఒప్పుకొన్నాము, ఇప్పుడు మీ ఎదుట కూడా.

ఆ తరువాతనే ఈ విషయము మీద దొరికినదంతా చదవడము మొదలుపెట్టాము. వైద్యము మా చదువు కాదు. తెలిసిన డాక్టరుగారి దగ్గర కూర్చొని, అర్థము కానివి రెండు మూడుసార్లు అడిగి తెలుసుకొన్నాము. అందులో ఒక పరిశోధన మమ్మును బాగా కుదిపింది. దాని పేరు 'ఎకో'.

సంగతి ఏమిటంటే, మూడు నెలలకు ఒకసారి వేయించుకొనే గర్భనిరోధక ఇంజెక్షన్ వలన హెచ్‌ఐవి సోకే ప్రమాదము పెరుగుతుందేమోనని వైద్యులకు ఎంతో కాలముగా అనుమానము ఉండేది. ఆఫ్రికాలో లక్షలాది స్త్రీలు ఆ ఇంజెక్షన్ మీదనే ఆధారపడి ఉన్నారు. ఆపేద్దామంటే కోరని గర్భాలు, కాన్పుల్లో మరణాలు. కొనసాగిద్దామంటే ఈ భయము. తేల్చుకోవడానికి 2015 చివరి నుండి దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాతీనీ దేశాల్లో 7,829 మంది స్త్రీలను తీసుకొన్నారు. 16 నుండి 35 ఏండ్లవారు. కొందరికి ఆ ఇంజెక్షన్, కొందరికి కాపర్ టి, కొందరికి చేతి చర్మము క్రింద పెట్టే ఇంప్లాంట్ ఇచ్చారు. ఏడాదిన్నర వరకు ఒక్కొక్కరిని కనిపెట్టి చూశారు. 2019 జూన్‌లో ఫలితము వచ్చింది. మూడింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ఇంజెక్షన్ మీద పడిన నింద చాలావరకు తొలగింది. ఆ ఆగస్టులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలు మార్చింది.

ఇది మన అక్కచెల్లెండ్రు కూడా తెలుసుకోవాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుండి 'అంతర' పేరుతో ఇచ్చేది ఆ మందే. దాని వలన హెచ్‌ఐవి వస్తుందని ఎవరైనా చెబితే భయపడవద్దు. అయితే అది హెచ్‌ఐవిని ఆపదు కూడా.

కానీ మమ్మును కుదిపింది ఈ సంగతి కాదు. ఆ 7,829 మందిలో 397 మందికి ఆ కొద్ది కాలములోనే హెచ్‌ఐవి సోకింది. నూరుమందిని ఏడాది పాటు చూస్తే దాదాపు నలుగురికి. వీరు ఎవరు? చెడ్డ త్రోవలో ఉన్నవారని ఎంపిక చేసిన స్త్రీలు కారు. పిల్లలకు ఎడము కావాలని కుటుంబ నియంత్రణ కోసము వచ్చిన మామూలు ఇల్లాండ్రు, యువతులు. పైగా ప్రతిసారి సలహా చెప్పారు, నిరోధ్ ఇచ్చారు, పరీక్ష చేశారు. అయినా 397.

అప్పటినుండి పరిశోధకులు ఒక మాట గట్టిగా అంటున్నారు. ఈ స్త్రీలు హెచ్‌ఐవి కేంద్రానికి రారు. తమకు ఆ అవసరము ఉన్నదని వారికే తెలియదు. కానీ గర్భనిరోధానికి వస్తారు, కాన్పుకు వస్తారు, తెల్లబట్ట అవుతుందని వస్తారు, పసిబిడ్డకు టీకా కోసము వస్తారు. ఆమె ఎక్కడికి వస్తుందో అక్కడే, అదే గదిలో, అదే నర్సమ్మ చేత హెచ్‌ఐవి నివారణ కూడా అందాలి. ప్రత్యుత్పత్తి ఆరోగ్య సేవలతో అనుసంధానము అని పెద్ద మాటల్లో అంటారు. మా ఊరి భాషలో చెప్పాలంటే, ఆమెను ఇంకొక తలుపు దగ్గరకు పంపవద్దు అని.

ఇది ఆఫ్రికా సంగతి, మనకెందుకు అంటారేమో. మన దేశములో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు లెక్కపెడితే మిజోరము, నాగాలాండ్, మణిపూర్‌ల తరువాత వచ్చేవి మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఆ ఈశాన్య రాష్ట్రాల్లో మత్తుమందు సూదుల సమస్య పెద్దది. మన దగ్గర ఎక్కువగా వచ్చేది స్త్రీ పురుషుల కలయిక వలననే.

ఇంకొక తేడా కూడా ఉన్నది. దీని గురించి చెప్పినవారు మాకు పెద్దగా కనబడలేదు గనుక కొంచెము వివరముగా వ్రాస్తాము. ఆ ఆఫ్రికా స్త్రీ మూడు నెలలకు ఒకసారి ఇంజెక్షన్ కోసము క్లినిక్‌కు తిరిగి వస్తుంది. నర్సమ్మకు ఆమెను అడిగే అవకాశము మళ్లీ మళ్లీ దొరుకుతుంది. మన స్త్రీ రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతము మంది ఆపరేషన్ చేయించుకొన్నవారే. నిరోధ్ వాడేవారు ఒక శాతమునకు లోపే. మన సంఘములోనే చూడండి. పద్దెనిమిది, పందొమ్మిదికి పెండ్లి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. అక్కడితో ఆసుపత్రితో ఆమె సంబంధము తెగిపోతుంది. గర్భముతో ఉన్నప్పుడు హెచ్‌ఐవి పరీక్ష ఉచితముగా చేస్తారు, ఆ విషయములో ప్రభుత్వము మంచి పని చేసింది. ఆ రోజు నెగటివ్ అని వచ్చిన కాగితమును ఆమె జీవితకాలపు సర్టిఫికెట్ అనుకొంటుంది. పిల్లల భయము పోయింది గనుక నిరోధ్ ఆలోచన కూడా ఆ ఇంట్లో ఉండదు. ఆపరేషన్ గర్భమును ఆపుతుంది గాని జబ్బును ఆపదు కదా! ఇరవై నాలుగు నుండి నలభై ఐదు దాకా, భర్త లారీ మీదో, హైదరాబాదులో తాపీ పని మీదో, ఇటుక బట్టీల్లోనో తిరిగే ఆ ఇరవై ఏండ్లు ఆమెను అడిగేవారు లేరు. మన సహోదరికి జరిగింది సరిగ్గా ఇదే.

అలాగని ఆసుపత్రికి వెళ్లినా సులభము కాదు. ఆమె వెళ్లిన చోట ఆడవారి ఓపీ ఒక వైపు, ఆ పరీక్ష గది వెనుక వైపు. ఆ గది ముందు బల్ల మీద కూర్చుంటే ఎందుకు కూర్చున్నారో ఊరంతటికీ తెలుసు. ఆమె భర్తను పరీక్షకు ఒప్పించడానికి మాకు మూడు నెలలు పట్టింది. అతనికి రిపోర్టు మీద కన్నా ఆ బల్ల మీదనే భయము ఎక్కువ. చివరికి మేము కూడా వెళ్లి అతని ప్రక్కన ఆ బల్ల మీదనే కూర్చున్నాము. అయ్యగారికి కూడా వచ్చిందట అని రెండు రోజులు ఊరిలో అనుకొన్నారు. అనుకోనివ్వండి.

సిగ్గు ఎంత పని చేస్తుందో చూపే ఇంకొక పరిశోధన కూడా ఉన్నది. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది స్త్రీలకు హెచ్‌ఐవి రాకుండా ముందుగానే వాడే మందులు, కొందరికి మాత్రలు, కొందరికి జెల్, రోజూ వాడమని ఇచ్చారు. 2013లో ఫలితము చూస్తే మందు పని చేయలేదు. రక్తము పరీక్షిస్తే తెలిసింది, మూడోవంతు మంది కూడా సరిగా వాడనే లేదు. మరి వాడుతున్నామని చెప్పారు! తరువాత నెమ్మదిగా అడిగితే, మాత్రల డబ్బా చూసి నాకు జబ్బు ఉన్నదనుకొంటారని భయపడ్డాము అన్నవారు ఉన్నారు. ఇది చదివినప్పుడు మాకు మన సహోదరి గుర్తుకు వచ్చింది. ఆమె తన మాత్రలను బియ్యపు డ్రమ్ములో, గింజల క్రింద దాచుకొనేది. అత్తగారు బియ్యము తీసే వేళ కనిపెట్టుకొని ఉండేది.

దేవుని కృప వలన పరిశోధన అక్కడితో ఆగలేదు. లెనకాపవిర్ అనే మందు వచ్చింది. పొట్ట చర్మము క్రింద ఆరు నెలలకు ఒకసారి ఇంజెక్షన్. డబ్బా లేదు, దాచుకొనే పని లేదు. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 16 నుండి 25 ఏండ్ల యువతులలో పరీక్షించారు. 2024లో ఫలితము వచ్చింది. ఆ ఇంజెక్షన్ తీసుకొన్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవి సోకలేదు. ప్రతిరోజు మాత్ర ఇచ్చినవారిలో సోకింది. మధ్యలో గర్భవతులైనవారిని సాధారణముగా ఇలాంటి పరిశోధనల నుండి తీసివేస్తారు. ఇక్కడ వారు ఒప్పుకొంటే కొనసాగనిచ్చారు. ఎందుకంటే గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఆ రక్షణ ఇంకా ఎక్కువ అవసరము. 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసింది. దీనిని తక్కువ ధరకు తయారుచేయడానికి అనుమతి పొందిన కంపెనీలలో మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. 2027 నుండి 120 పేద, మధ్యతరగతి దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు, అంటే సుమారు మూడున్నర వేల రూపాయలకు ఇస్తామని ప్రకటించారు. కంపెనీల ప్రకటనలను మేము ఊరకే మెచ్చుకోము. కానీ మన నేల మీద తయారయ్యే మందు ఎక్కడో ఉగాండాలోని ఒక పల్లెపిల్లను కాపాడుతుందంటే సంతోషముగానే ఉన్నది. ఆ మందు మన పల్లెకు వచ్చే రోజున దానిని ఆ వెనుక గదిలో పెట్టక, టీకాలు వేసే చోటే పెట్టాలని మా మనవి.

సంఘ పెద్దలలో ఒకరు మాతో, "అయ్యగారూ, ఇవన్నీ మందిరములో మాట్లాడితే పాపానికి తలుపు తీసినట్టు కాదా?" అని అడిగారు. ఆయన భక్తిగల మనిషి, ప్రశ్నను తేలికగా తీసిపారవేయము. మేము కూడా చాలాకాలము అలాగే అనుకొన్నాము. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడ వ్రాస్తాము. వ్యభిచారము పాపమని మేము నిన్న చెప్పాము, రేపు కూడా చెప్పుదుము. ఆరోగ్యశాఖవారు కొందరు మనిషి నడవడికతో పని లేనట్లు, మందు ఒక్కటి చాలన్నట్లు మాట్లాడుతారు. దానితో మేము ఏకీభవించము. త్రాగుడును, ఇంటికి దూరమైన కూలి బ్రతుకును ముట్టుకోకుండా ఈ జబ్బు వేరు తెగదు. అయితే పాపము చేసినవాడు ఒకడు, జబ్బు తగిలినది ఇంకొకరికి. ఆమెకు రక్షణ లేకుండా చేస్తే అతని పాపము తగ్గుతుందా? యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాని చూచి శిష్యులు మొదట అడిగినది ఎవరి పాపము వలన అనే. ప్రభువు ఆ లెక్కలోకి దిగనే లేదు. ఉమ్మి, మన్ను కలిపి పని మొదలుపెట్టాడు.

పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయమును మనము భార్యలకు వినిపించినంతగా భర్తలకు వినిపించలేదు. భార్య దేహము మీద భర్తకు ఎంత అధికారము ఉన్నదో భర్త దేహము మీద భార్యకు అంతే ఉన్నదని అక్కడ ఉన్నది. ఆ కాలములో అలా వ్రాయడము చిన్న సంగతి కాదు. ఆ మాట నిజమైతే, మీరు పరీక్ష చేయించుకోండి అని భర్తను అడిగే హక్కు భార్యకు వాక్యమే ఇచ్చినట్లు. సహోదరులారా, ఆమె అడిగితే అనుమానించిందని చేయి ఎత్తకండి.

ఉగాండాలో గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ బోధకుడు ఉన్నారు. భార్య చనిపోయాక పరీక్ష చేయించుకొంటే హెచ్‌ఐవి ఉన్నదని తెలిసింది. 1992లో ఆ సంగతి బహిరంగముగా చెప్పారు. ఆఫ్రికాలో అలా చెప్పిన మొదటి మత నాయకుడు ఆయనే. తరువాత హెచ్‌ఐవి ఉన్న ఒక విధవరాలిని వివాహము చేసుకొన్నారు. తల్లి నుండి బిడ్డకు సోకకుండా ఇచ్చే మందుల వలన వారికి హెచ్‌ఐవి లేని బిడ్డలు పుట్టారు. మన పాస్టర్లలో ఎవరికైనా అలా జరిగితే పుల్పిట్ మీద నిలువనిస్తామా? మా జవాబు మాకే నచ్చలేదు.

మా తప్పు ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తాము. సహోదరి విషయము తెలిసిన తరువాత ఉత్సాహము ఎక్కువై, పెండ్లి ప్రకటన చదవాలంటే వధూవరుల హెచ్‌ఐవి రిపోర్టులు మాకు తెచ్చి చూపాలని పట్టుబట్టాము. ఒక సంబంధము చెడిపోయింది. ఎందుకో ఊరికి తెలిసిపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు మన మందిరానికి రాడు. మంచి చేయబోయి అతనిని వెలివేశాము. మనిషి ఇష్టపూర్వకముగా ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయరాదని, ఫలితము బయటపెట్టరాదని 2017 నాటి చట్టము ఉన్నదని మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు ప్రకటనకు ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, కలిసి వెళ్లి చేయించుకొని ఒకరికొకరు చెప్పుకోండి, మాకు మాత్రము చూపవద్దు అని చెప్తున్నాము. ఆ అబ్బాయి ఇంటికి రెండుసార్లు వెళ్లాము. తలుపు తీయలేదు. మళ్లీ వెళ్తాము.

బల్లారాధనలో మన సహోదరి ఇప్పటికీ వరుసలో చివర నిలువబడుతుంది. ఆమె తరువాత పాత్ర ముట్టడానికి కొందరు వెనుకాడుతారని ఆమెకు తెలుసు. ఒకే పాత్రలో త్రాగితే, ప్రక్కన కూర్చుంటే, ఆమె వండినది తింటే హెచ్‌ఐవి రాదు. ఇది వైద్యులు ఏనాడో తేల్చిన సంగతి. గత ఏడాది నుండి మేము, పాస్టరమ్మగారు ఆమె తరువాతనే తీసుకొంటున్నాము. ఈ మధ్య మా వెనుక ఇంకొక ఇద్దరు వచ్చి నిలువబడుతున్నారు. ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఉచితముగా ఇచ్చే మందులు వాడుతూ పని చేసుకొంటున్నారు. పిల్లలిద్దరికీ పరీక్ష చేయించారు, నెగటివ్. బియ్యపు డ్రమ్ములోని మాత్రలు ఇప్పుడు గూట్లోకి వచ్చాయి. అత్తగారే వేళకు గుర్తుచేస్తుందట.

వచ్చే నెల రెండవ ఆదివారము ఆరాధన తరువాత మన ఏఎన్‌ఎం అమ్మ, ఆశా వర్కర్లు మందిరము ప్రక్క షెడ్డుకు వస్తామన్నారు. బీపీ, షుగరు, రక్తము తక్కువగా ఉన్నదా అన్నది చూస్తారు. ఆడవారికి తెల్లబట్ట, గర్భసంచి సమస్యలు ఏమైనా ఉంటే చాటుగా మాట్లాడుతారు. హెచ్‌ఐవి పరీక్ష కావాలన్నవారికి అదే కుర్చీలో, అదే వరుసలో చేస్తారు. ప్రత్యేకమైన బల్ల లేదు. ఆపరేషన్ అయి పదేండ్లయినవారు కూడా రండి. మగవారు ముందు వరుసలో ఉండాలి, మొదట మేమే చేయించుకొంటాము. దూరాన ఉన్నవారు ఏ సందేహమున్నా 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చు, పేరు చెప్పనక్కర లేదు. మధ్యాహ్న భోజనము సంఘము తరఫున. వంటకు చేయి వేయగలిగినవారు పాస్టరమ్మగారికి ముందుగా చెప్పండి.